పాత కచేరిలో రాసుకునే దయ్యం

కోవిల్‌పట్టి రైలు స్టేషన్ నుంచి కొప్పమనాయకనూరుకు బండిదారిలో ఏడు మైళ్ళు. అందులో ఆరు మైళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రెండు పక్కలా నల్లరేగడి, పత్తిచేలు, అక్కడక్కడా తుమ్మచెట్లు... బండిలో పడుకుని కళ్ళు మూసుకుని పోవచ్చు. ఏడో మైలులో, ఎండిపోయిన వాగు దాటగానే, జమీనువారి పాత కచేరి ఉండేది. అక్కడ మాత్రం కళ్ళు మూసుకుంటే చాలదు. చెవులు కూడా మూసుకోవాలి.

ఎందుకంటే అక్కడి దయ్యం కనపడేది కాదు — వినపడేది.

చుట్టుపక్కల ఊళ్ళలోనూ దయ్యాలున్నాయి. అవి జుట్టు విరబోసుకుంటాయి, చుట్టకు నిప్పు అడుగుతాయి, చెట్టు మీంచి కాళ్ళు ఊపుతాయి. కొప్పమనాయకనూరు దయ్యానికి అలాంటి సరదాలేవీ లేవు. మూసి ఉన్న కచేరిలో, చీకట్లో, ఒంటరిగా కూర్చుని రాసుకునేది.

కర్ర్... కర్ర్... కర్ర్... కాగితం మీద కలం నడిచే చప్పుడు. కాసేపు ఆగేది. సిరాబుడ్డిలో కలం ముంచినట్టు టిక్కుమనేది. మళ్ళీ... కర్ర్... కర్ర్...

ఒక మిరపకాయల వ్యాపారి ధైర్యం చేసి, "ఎవరది లోపల?" అని కేకేశాడట. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత మెల్లగా — "పొద్దున రా. ఇప్పుడు కచేరి లేదు" అని వినపడింది. ఆ వ్యాపారి మిరపకాయల మూటను అక్కడే వదిలేసి పారిపోయాడు. మర్నాడు పొద్దున కూడా రాలేదు.

ఆ గొంతు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. దివాను రామచంద్రన్‌ది. ఆయన పోయి అప్పటికి రెండు నెలలు.

ఆయన ఎందుకు దయ్యమయ్యాడో తెలియాలంటే ముందు పెరియసామి నాయకర్ సంగతి చెప్పాలి. అసలు ఈ కథ ఆయనకు జరిగిందే. ఆయన నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు గనక ఊరంతా చెప్పుకుంటుంది.

కొప్పమనాయకనూరు జమీందారు ముప్పయ్యేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయాడు. కొడుకు ఐదేళ్ళవాడు. ఆ పిల్లవాడి తల్లి పొన్నుతాయి; ఆమె తండ్రి పెరియసామి. అల్లుడి పదహారో రోజు కర్మకు ఒక ట్రంకుపెట్టెతో వచ్చాడు. మూడేళ్ళయింది. ట్రంకుపెట్టె ఇంకా జమీందారు మేడలో, ఆ అరమనలోనే ఉంది.

పోయిన జమీందారు వీలునామాలో ఒక మాట రాశాడు. పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా, కులపెద్దలు ఒప్పుకున్న మనిషి ముద్ర ఉంగరం దగ్గర ఉంచుకుని జమీను నడపాలని. ఆ మనిషి ఎవరా అని పెద్దలు ఆలోచించుకునేలోపల ఉంగరం నల్లతాడుకు కట్టి పెరియసామి మెడలో వేలాడుతోంది. ఇక ఆలోచించడానికి ఏముంది?

రోజూ పొద్దున చిన్నదొరను గద్దె మీద కూర్చోబెట్టి తాను వెనకాల కూర్చునేవాడు. తాత మెల్లగా గిల్లితే పిల్లవాడు "సరి" అనాలి. గట్టిగా గిల్లితే "కాదు" అనాలి. ఒకసారి చీమ కుట్టి "కాదు" అన్నాడు. ఒక కావలివాడి ఉద్యోగం ఊడింది.

అంతా బాగానే జరుగుతోంది గానీ, పెరియసామికి ఒకటే దిగులు. పిల్లలు పెరుగుతారు. ఈ పాడు అలవాటు లేకపోతే వాళ్ళంత మంచివాళ్ళు లేరు. ఇంకో పదేళ్ళకు ఉంగరం వదిలెయ్యాలి కదా అనుకుంటే రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. చివరికి ఉపాయం తోచింది. కొడుకు కూతురు ఒకతి ఉంది, ఆరేళ్ళది. ఎనిమిదేళ్ళ చిన్నదొరకు ఆ పిల్లనిచ్చి ముడిపెట్టేస్తే జమీను ఇంకో తరం దాకా తన గుప్పిట్లోనే ఉంటుంది. తొందర కూడా ఉంది. చిన్నపిల్లల పెళ్ళిళ్ళు కూడదని సర్కారు చట్టం చేసింది. అది ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి అమలు. అది 1930వ సంవత్సరం.

ఆ మాట పోయిన దీపావళికి ముందు పెరియసామి కచేరిలో కదిపినప్పుడు, అందరూ తలలూపారు. దివాను రామచంద్రన్ ఒక్కడూ ఊపలేదు. కలం చెవి మీద పెట్టుకుని, ముక్కుపొడి పీల్చి, నెమ్మదిగా అడిగాడు.

"పలక పట్టుకొనే చెయ్యి నాయకరయ్యా అది. తాళి కట్టేదానికి ఇంగా వయసు రాలేదే?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెరియసామికి జవాబు తోచలేదు. జవాబు తోచనప్పుడు చాడీ తోస్తుంది. వారం తిరక్కుండానే, దివాను జమీనును సర్కారుకు పట్టించాలని కలెక్టరుకు దొంగ ఉత్తరాలు రాస్తున్నాడని పుట్టించాడు. వెనక నుంచి మెల్లగా గిల్లాడు. "సరి," అన్నాడు చిన్నదొర, కళ్ళనీళ్ళతో. దివానును విరుదునగర్‌లో జమీను పత్తి గిడ్డంగికి కావలి ఉండమని ఉత్తర్వు. ఇరవై రెండేళ్ళు కొలువు చేసిన మనిషి పిల్లవాడికి దండం పెట్టి రైలెక్కాడు.

సంక్రాంతి దాటాక, తై నెలలో పోస్టుకార్డు వచ్చింది. "రామచంద్రన్ కాలం చేసినారు." అంతే. పెరియసామి తలస్నానం చేశాడు, బాగా భోంచేశాడు. చావుకు వెళ్ళలేదు. పదహారో రోజుకూ వెళ్ళలేదు.

ఆ వారంలోనే పాత కచేరిలో కలం చప్పుడు మొదలైంది.

పగలు ఎవరైనా ఆ సంగతి ఎత్తితే పెరియసామి పెద్దగా నవ్వేవాడు. "బతికున్నప్పుడు రాసిందే ఎవరూ చదవలేదు. చచ్చి రాస్తే చదువుతారా?" అనేవాడు. రాత్రిళ్ళు మాత్రం మంచం గోడవైపు జరిపించుకున్నాడు.

అప్పుడే చెల్లదురై వాద్యారు కథ ఒకటి ఆయన చెవిన పడింది. ఆ వాద్యారును చిన్నదొరకు చదువు చెప్పడానికి పొన్నుతాయి విరుదునగర్ నుంచి పిలిపించింది. క్రైస్తవుడు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. దీపాలు పెట్టాక తిన్నె మీద పిల్లవాడికి దేశదేశాల కథలు చెప్పేవాడు. కిటికీ ఇవతల మంచం మీద పెరియసామి.

"వెయ్యేండ్లకు ముందు జపాన్ దేశంలో రాజులంటే మీ మాదిరి పిల్లకాయలే సామీ. గద్దె మీద పిల్లకాయ కూర్చుంటే, వెనకాల అమ్మను కన్న తాత కూర్చుంటాడు. ఉత్తరవులన్నీ తాతవి."

"గిల్లేవాడా?" అన్నాడు చిన్నదొర.

"అది మా పుస్తకంలో లేదు."

"రాజు పెద్దోడైతే?"

"తాత తన ఇంటి ఆడపిల్లనే తెచ్చి వానికి పెండ్లి చేస్తాడు. మీసం వచ్చేటప్పటికి 'నువ్వు అలిసిపోతివి రాజా, పోయి గుళ్ళో సామిని తలుచుకో' అని దించేస్తాడు. వాని కొడుకును ఎక్కిస్తాడు. మళ్ళీ వెనకాల తాతే."

కిటికీ ఇవతల పెరియసామి లేచి కూర్చున్నాడు. ఎంత తెలివైనవాళ్ళు! జపాన్ అంటే అగ్గిపెట్టెలు, గాజుపూసలు చేసేవాళ్ళనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ దేశం మీద ఆయనకు గౌరవం పుట్టింది.

"ఒక్క మంత్రి మాత్రం వాళ్ళ చుట్టం కాదు," అన్నాడు వాద్యారు, గొంతు తగ్గించి. "బాగా చదువుకొన్నోడు. ఆయన మీద చాడీ చెప్పి దేశానికి పడమటి కొసకు తోలేసిరి. ఆ బాధతో అక్కడే పోయినాడు."

"ఇంగ?"

"ఇంగేముంది సామీ... చాడీ చెప్పినోళ్ళు ఒకరెనక ఒకరు పోయిరి. ఒకనాడు పెద్దలంతా కూర్చోనుండగా — అరమన మీదే పిడుగు పడింది."

పెరియసామి మళ్ళీ పడుకున్నాడు. మంచం కిర్రుమంది. జపాన్ మీద గౌరవం సగం పోయింది.

ఇది జరిగిన నాలుగో రోజు పెళ్ళిపందిరికి ముహూర్తపు గుంజ నాటారు. ఎండలు మొదలయ్యే మాసి నెల. నల్లరేగడి కరిసల్ సీమలో ఆ నెలలో మబ్బు కనపడితే జనం బయటికొచ్చి చూస్తారు. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాలుగు చినుకులు రాలాయి. ఐదో చినుకుతో పాటు ఫెళఫెళమని ఒక్క పిడుగు...

ఎవరికీ ఏమీ కాలేదు. ముహూర్తపు గుంజ నిలువునా చీలిపోయింది.

"మబ్బంటే పిడుగు పడుతుంది. పడదా ఏంది?" అని పెరియసామి కనపడ్డ ప్రతివాడితోనూ అన్నాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు.

పిడుగు పడ్డ పందిట్లో పెళ్ళి కూడదు గనక కొత్త ముహూర్తం కావాలి. ఏప్రిల్ లోపల కావాలి. మర్నాడే పెరియసామి కోవిల్‌పట్టిలో జోస్యుడి దగ్గరికి బండి కట్టించాడు. పొద్దుండగానే తిరిగి రావాలనుకున్నాడు. కానీ జోస్యుడు పంచాంగం మూడుసార్లు తిరగేసి మూడుసార్లూ "లేదు" అన్నాడు. నాలుగోసారి తిరగేయించి, బలవంతంగా ఒక ముహూర్తం పుట్టించేసరికి చీకటి పడింది.

బండి తోలేవాడు మాడన్. వాగు దగ్గరికి రాగానే బండి ఆపి, దిగి, ఎద్దుల మెడల్లో గంటలకు గడ్డి కుక్కసాగాడు.

"ఏందిరా అది?"

"మనం పోతాండేది తెలియకూడదని సామీ."

"ఎవరికి?"

మాడన్ పేరు చెప్పలేదు. చీకట్లోకి గడ్డం చూపించి, "రాసేవారికి" అని గుసగుసలాడాడు.

బండి కదిలింది. వాగు ఇసకలో చక్రాలు దిగబడి చప్పుడు లేకుండా సాగాయి. గట్టెక్కింది. కచేరి గోడ నల్లగా దగ్గరకొచ్చింది. పెరియసామి చెవి ఒగ్గాడు. చప్పుడేమీ లేదు... ఏమీ లేదు... హమ్మయ్య అనుకునేంతలో —

కర్ర్... కర్ర్... కర్ర్...

ఎద్దులు టక్కున నిలబడిపోయాయి. "తోలరా!" అన్నాడు పెరియసామి. తోలడానికి మాడన్ నొగ మీద లేడు. బండి కింద ఉన్నాడు.

కచేరి తలుపు సందులో సన్నటి వెలుతురు గీత. టిక్కుమని సిరాబుడ్డి చప్పుడు. కలం ఆగింది. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఎవరది... పెరియసామి నాయకరా?"

కాదు అనాలని ఎంతో ఆశపడ్డాడు. నోట్లోంచి మాత్రం "ఆమా, నేనే..." అని వచ్చింది.

"నా ఉత్తరవు ఇంగా మార్చి రాయలేదే."

పెరియసామి కండువా ముఖం మీదికి లాక్కున్నాడు.

"నేను రాస్తానే ఉండాను... మీరు చేసిందంతా. ఒక్కటి విడవకుండా. ఇంగ రెండు తావుల కాగితం మిగిలిండాది."

"ఆ... ఆ రెండూ అయిపోతే?"

సిరాబుడ్డి టిక్కుమంది. తర్వాత, చాలా మర్యాదగా —

"అప్పుడు మీ సంతకం కావల్ల."

తర్వాత ఏం జరిగిందో పెరియసామికి గుర్తులేదు. మాడన్‌కు గుర్తుంది. ఎద్దులు బెదిరి ఊరి దారి పట్టాయట. సగం దూరంలో అయ్యగారు వాటిని దాటుకుని పోయారట, కాలినడకన.

ఇంటికి రాగానే చెల్లదురై వాద్యారును నిద్రలేపాడు.

"వాద్యారే... ఆ జపానోళ్ళు. పిడుగు పడినంక ఏం చేసిరి?"

వాద్యారు కళ్ళు నులుముకున్నాడు. "తోలేసిన ఉత్తరవును కాల్చేసిరయ్యా. ఆయన ఉద్యోగం ఆయనకు మళ్ళీ ఇచ్చిరి."

"చచ్చినోడికా?"

"చచ్చినోరికే. అదీ చాలలేదు. ఇంగా పై ఉద్యోగం ఇచ్చిరి. కడాన గుడి కట్టి సామిని చేసిరి."

పెరియసామి ఆలోచించాడు. గుడి పెద్ద పని. ఉద్యోగం అంటే ఒక్క కాగితం. చచ్చినవాడికి దివానుగిరీ ఇస్తే పోయేదేముంది? వచ్చి కూర్చుంటాడా? పెళ్ళి నిర్విఘ్నంగా జరుగుతుంది, ఉంగరం మెడలో ఉంటుంది, దయ్యం నోరు మూసుకుంటుంది. మూడేళ్ళలో ఆయనకు ఇంత చవకైన బేరం దొరకలేదు.

తెల్లవారగానే కులపెద్దలు పదిమందినీ పిలిపించాడు. వాళ్ళకు ఇందులో వింత ఏమీ కనపడలేదు. మన సీమలో అన్యాయంగా పోయినవాళ్ళు ఎంతమంది చేలగట్ల మీద సాములై కూర్చోలేదు? పెద్దల్లోకెల్లా పెద్ద తంగసామి తాత — ఎనభై ఏళ్ళవాడు — ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాడు.

"కోపంతో పోయినోని దగ్గర 'నువ్వు చచ్చినావు' అనకూడదప్పా. అంటే ఇంగా ఎగురుతాడు. బతికిండేవానికి చెప్పినట్టే చెప్పల్ల, రాసినట్టే రాయల్ల."

"అట్లనే," అన్నాడు పెరియసామి. వాద్యారు కలం తీశాడు.

అప్పుడు తలుపు వెనక నుంచి పొన్నుతాయి మెల్లగా పలికింది. "పాత ఉద్యోగం చాలదు నాయనా. జపాన్‌లో చాలలేదు కద. పైది ఇయ్యి."

"దివానుకు పైన ఏముండాది?"

"నువ్వు ఉండావు."

పెరియసామి చెయ్యి దానంతటదే మెడలో ఉంగరం మీదికి పోయింది. తన చోటు... దయ్యానికా? తర్వాత నవ్వొచ్చింది. దయ్యం గద్దె వెనక కూర్చుంటుందా? దయ్యానికి ఉంగరం పెట్టుకునే వేలేదీ? కాగితం మీద దానిది, మెడలో తనది.

"రాయప్పా," అన్నాడు.

ఆ రాత్రే అందరూ పాత కచేరికి బయల్దేరారు. ముందు కులదేవత జక్కమ్మ దీపం. ఆ కులంలో జక్కమ్మ దీపం మీద చెయ్యి ఉంచి ఇచ్చిన మాటను చచ్చినా వెనక్కి తీసుకోరు. ఆ దీపం ముందు చెప్తేనే దయ్యం నమ్ముతుందని తంగసామి తాత పట్టుబట్టాడు. ఉత్తర్వు చిన్నదొర పేరు మీద గనక పిల్లవాడిని కూడా బండిలో తెచ్చారు. వాడు తల్లి ఒళ్ళో నిద్రపోతున్నాడు.

తలుపు ముందు దీపం పెట్టారు. గాలి లేదు. లోపల కలం చప్పుడు లేదు. పెరియసామి ఎడమచెయ్యి దీపం మీద ఉంచి, కుడిచేత్తో కాగితం పట్టుకుని చదివాడు.

"విరుదునగర్ పత్తి గిడ్డంగిలో వాసమున్న శ్రీ రామచంద్రన్ గారికి... మీ మీద వేసిన నేరం అబద్ధమైనందున ఆ ఉత్తరవును రద్దు చేసిండాము. ఈ దినం మొదలు చిన్నదొరవారికి పద్దెనిమిదేండ్లు నిండేవరకు సంరక్షకులుగా... ముద్ర ఉంగరం మీ దగ్గర ఉంచుకొని... జమీను పరిపాలన చేయవలసింది. దీనికి కులపెద్దలు పదిమంది సాక్షి."

ఉంగరాన్ని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు. పాత ఉత్తర్వును దీపంలో కాల్చాడు. కొత్త కాగితాన్ని తలుపు కిందికి తోశాడు... సగం లోపలికి, సగం బయట.

అందరూ వంగి ఆ కాగితాన్నే చూశారు.

బయటున్న సగం... మెల్లగా... లోపలికి పోయింది.

పెద్దల్లో ఇద్దరు అప్పుడే పారిపోయారు. లోపల కాగితం గరగరమంది. ఎవరో తమలో తాము చదువుకుంటున్నట్టు గొణుగుడు. ఆగింది. మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నట్టుంది. తర్వాత — హా... హా... హాచ్!

ముక్కుపొడి తుమ్ము.

"దయ్యం తుమ్ముతుందా తాతా?" అన్నాడు ఒక పెద్దమనిషి, తంగసామి తాత భుజం పట్టుకుని. తాత ఆలోచనలో పడ్డాడు. ఎనభై ఏళ్ళలో ఆయన్ని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. కళ్ళద్దాలు, చెవి మీద కలం, భుజాన ఉత్తరీయం — దివాను రామచంద్రన్ గడప మీద నిలబడి కాగితాన్ని దీపం వెలుగుకు పట్టుకున్నాడు.

"తేదీ వేయలేదే నాయకరయ్యా?"

ఇంకో ఐదుగురు పారిపోయారు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ధైర్యవంతులని కాదు, కాళ్ళు రాలేదు. తంగసామి తాత మాత్రం దగ్గరికెళ్ళి దివాను చేతిని గట్టిగా గిల్లి చూశాడు. "అమ్మా!" అన్నాడు దివాను.

"వెచ్చగా ఉండాదప్పా," అని తాత తీర్పు చెప్పాడు.

పెరియసామి కేకేశాడు. "మోసం! ఇది చెల్లదు! చచ్చినోడికని కద నేనిచ్చింది!"

"ఇందులో అట్ల ఎక్కడ ఉండాది?" దివాను కాగితాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు మర్యాదగా వెతికాడు. "'విరుదునగర్ గిడ్డంగిలో వాసమున్న' అని ఉండాది. ఆమా, వాసముంటినే. వారానికి రెండుసార్లు సాయంకాలం రైలుకు ఇక్కడికి వస్తా ఉంటిని. వాద్యారు అన్నం తెచ్చిస్తా ఉండె. పత్తి చూసేదానికి జపాన్ దొర ఒకడు నా గిడ్డంగికే వస్తాడు. వాద్యారు చెప్పిన కత వాని నోట మొదట విన్నది నేనే."

పెరియసామి పెద్దల వైపు తిరిగాడు. ఉన్నది ముగ్గురు. తంగసామి తాత జక్కమ్మ దీపాన్ని చూశాడు, పెరియసామి ఎడమచేతిని చూశాడు. అరచేతిలో ఇంకా మసి ఉంది.

"దీపం మీద చెయ్యి పెడితివి కదప్పా," అన్నాడు.

"మరి ఆ కార్డు? కాలం చేసినారని రాసింది ఎవరు?"

"నేనే నాయనా."

పొన్నుతాయి బండి దిగి వచ్చింది. పిల్లవాడు నిద్రకళ్ళతో ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాడు. అదే కొంగున కచేరి వెనక తలుపు తాళంచెవి వేలాడుతోంది.

"వాద్యారు దగ్గర నేనూ నేర్చుకొంటిని, రాసేది. మొదట రాసింది ఆ కార్డే." ఆమె గొంతులో కోపం లేదు. ఏడుపు మాత్రం ఉంది. "ఇరవై రెండేండ్లు మన ఉప్పు తిన్న మనిషి పోయినాడంటే, పీనుగు మీద కప్పేదానికి ఒక కొత్తబట్ట పంపిస్తావు అనుకొంటిని. ఎవడో ఒకడు పోయి చూసి, బతికే ఉండాడని చెప్తాడు, నా గుట్టు బయటపడుతుంది అని వారం దినాలు బయపడితిని. నువ్వు పంపలేదు. ఆ పొద్దు నీ మీద నాకు మనసు విరిగిపోయింది నాయనా."

పెరియసామి అరచేతి మసిని పంచెకు తుడుచుకున్నాడు.

"తొమ్మిదేండ్లకు నన్ను ఈ అరమనకు తెస్తివి. పెండ్లినాడు నేను నిద్రపోతాండానంట, తాళి ఎప్పుడు కట్టిరో తెలీదు. నా బిడ్డను అట్ల చెయ్యనియ్యను. నీ మనవరాలిని కూడా. ఆ పిల్లనూ పలక ఇచ్చి పంపించు, వాద్యారు ఇద్దరికీ చెప్తాడు."

ఆమె చెయ్యి చాపింది.

మూడేళ్ళుగా మెడలో ఉన్న తాడు. ముడి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. పెరియసామి గోళ్ళతో గీకి చూశాడు. చివరికి దివాను తన కలం మొన ముడిలోకి దూర్చి వదులు చేసిచ్చాడు. ఉంగరం పొన్నుతాయి చేతిలో పడింది. ఆమె దాన్ని దివానుకు ఇచ్చింది. తంగసామి తాత దీపం ఎత్తుకున్నాడు. పెద్దలూ దివానూ ఊరి వైపు నడిచారు.

పెరియసామి కచేరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. మెడ తేలిగ్గా ఉంది. ఆ తేలిక ఆయనకు అసలు నచ్చలేదు. ఏడవాలనిపించింది, కానీ పక్కన చిన్నదొర నిలబడి కచేరి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"దయ్యం ఏమాయె తాతా?"

"దానికి ఉద్యోగం దొరికిందిరా."

పిల్లవాడు తాత వైపు తిరిగాడు. "మరి నీకు?"

పెరియసామికి ఈసారి జవాబూ తోచలేదు, చాడీ తోచలేదు. బండి దగ్గర్నుంచి పొన్నుతాయే చెప్పింది.

"మీ తాతకూ ఒక పని ఉండాదిరా. మూడేండ్లుగా ఎవరూ చెయ్యక అట్లనే పడుండాది. నీకు తాతగా ఉండేది. నిద్రొస్తాంది కద నీకు, ఎత్తుకొమ్మని చెప్పు."